పెద్దవాళ్లతో ఎడిన్‌బరాలో మూడు రోజులు: కోట దగ్గర మొదలుపెట్టి కిందికి నడవండి

మీ ప్రశ్న చదివాను. దసరా సెలవులకు లండన్‌లో మీ తమ్ముడి దగ్గరికి వస్తున్నారు, అక్కడి నుంచి మూడు రోజులు స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరా అనుకుంటున్నారు, మీ దంపతుల వెంట అత్తగారు, మామగారు, తొమ్మిదేళ్ల బాబు. మామగారికి మోకాళ్ల నొప్పులు, అత్తగారు గుడ్డు కూడా ముట్టరు. ఈ మూడు రోజుల్లోనే లాఖ్ నెస్ సరస్సు, గ్లెన్‌కో లోయ, స్టిర్లింగ్ ఊరు కూడా కలిపేయొచ్చా అని అడిగారు. నేను పదమూడేళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటున్నాను. మా అమ్మానాన్న, అత్తింటివాళ్లు, స్నేహితుల తల్లిదండ్రులు, ఏటా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, వాళ్లని తిప్పుతూ తిప్పుతూ తెలిసిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

ముందు లాఖ్ నెస్, గ్లెన్‌కోల సంగతి. రెండూ తీసేయండి. ఒక్కరోజులో తీసుకెళ్లి తీసుకొచ్చే బస్సు టూర్లు ఉన్నాయి, పొద్దున ఎనిమిదింటికి ఎక్కితే రాత్రి ఎనిమిది దాటాక దింపుతారు. కొండలు అందంగానే ఉంటాయి, కాదనను, కానీ ఆ అందమంతా కిటికీలోంచి చూడాలి, మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి అంతసేపు బస్సు సీట్లో కాళ్లు ముడుచుకుని కూర్చుంటే మర్నాడు మంచం దిగలేరు. మా మామయ్య విషయంలో ఇదే జరిగింది. చూసింది గంటన్నర, కూర్చుంది పది గంటలు, తర్వాతి రోజంతా హోటల్ గదిలోనే. హైలాండ్స్ అనే ఆ ఉత్తరాది కొండ ప్రాంతం చూడాలని నిజంగా ఉంటే ఇంకోసారి నాలుగైదు రోజులు పెట్టుకుని రండి, ఇన్వర్నెస్‌లోనో ఫోర్ట్ విలియంలోనో మకాం పెట్టి చూడండి. స్టిర్లింగ్ మాత్రం కుదురుతుంది, దాని గురించి తర్వాత చెప్తాను.

ఇప్పుడు అసలు విషయం. ఎడిన్‌బరా మ్యాపులో కనిపించేలా ఉండదు. మీరు ఫోన్లో చూస్తే స్టేషన్ నుంచి కోట ఒక కిలోమీటరు, మ్యూజియం ఆరేడు వందల మీటర్లు, అన్నీ పక్కపక్కనే అనిపిస్తాయి. ఆ లెక్కలన్నీ బల్లపరుపు నేలకి. ఈ ఊరు అంతస్తులుగా ఉంటుంది. ఒక వీధి మీద వంతెన, ఆ వంతెన మీద మళ్లీ వీధి, దాని మీద నడుస్తున్నప్పుడు అది వంతెన అని కూడా తెలియదు, ఎందుకంటే రెండు పక్కలా దుకాణాలే ఉంటాయి. సౌత్ బ్రిడ్జి, జార్జ్ 4 బ్రిడ్జి రెండూ అలాంటివే, వాటి కింద కౌగేట్ అనే వీధి పోతుంది. ఫోన్ 'ఎడమకి తిరగండి' అంటుంది, ఎడమపక్క చూస్తే మీరు వెళ్లాల్సిన వీధి మూడంతస్తుల కింద ఉంటుంది, మధ్యలో నూరు మెట్లు. అందుకే ఇక్కడ ప్లాన్ దూరాన్ని బట్టి కాదు, ఎత్తుని బట్టి వేసుకోవాలి. ఏ రోజైనా సరే, ఎత్తైన చోటికి వాహనంలో వెళ్లండి, అక్కడి నుంచి కిందికి నడుచుకుంటూ రండి, కింద మళ్లీ బస్సో టాక్సీయో ఎక్కండి. మిగతావన్నీ మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి.

ఊరు ఇలా ఎందుకుందో తెలిస్తే దారులు కూడా బాగా అర్థమవుతాయి, బాబుకి కూడా కథలా చెప్పొచ్చు. కోట ఉన్న రాయి సుమారు 35 కోట్ల ఏళ్ల కిందటి అగ్నిపర్వతం గొంతులో గడ్డకట్టిన లావా. చాలా కాలం తర్వాత మంచుయుగంలో పడమటి నుంచి తూర్పుకి హిమానీనదం జరుగుతూ వచ్చినప్పుడు ఆ గట్టిరాయి కదల్లేదు, మంచు దాని రెండు పక్కలా కోసుకుపోయింది, రాయి వెనకాల ఉన్న మెత్తని నేల మాత్రం తోకలాగా మిగిలిపోయింది. ఆ తోకే ఇప్పటి రాయల్ మైల్ వీధి. కోట దగ్గర ఎత్తుగా మొదలై, హోలీరూడ్ ప్యాలెస్ దాకా కిందికి వాలుతూ పోతుంది. పక్కల మంచు తవ్వేసిన లోయల్లో ఒకవైపు మీరు దిగే వేవర్లీ స్టేషన్, ఇంకోవైపు కౌగేట్, గ్రాస్‌మార్కెట్. అంటే కోట దగ్గర మొదలుపెడితే ఆ తోక వెంట మైలు దూరం అంతా దిగుడే. ప్యాలెస్ దగ్గర మొదలుపెడితే మైలు అంతా ఎక్కుడే. చాలామంది హోటల్ కింద ఉంది కదా అని కింద నుంచి మొదలుపెట్టి, కోట చేరేసరికి అలిసిపోయి, అక్కడ బల్లల మీద కూలబడటం నేను వారం వారం చూస్తుంటాను.

రైలు గురించి. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి వేవర్లీకి నేరుగా రైళ్లున్నాయి, సుమారు నాలుగున్నర గంటలు. విమానం కన్నా ఇదే నయం, ఊరి నడిబొడ్డున దిగుతారు. ముందుగా కొంటే బాగా చవక, ఆఖరు నిమిషంలో కొంటే ఒళ్లు మండే ధర. వచ్చేటప్పుడు కుడివైపు సీట్లు తీసుకోండి, న్యూకాజిల్ దాటాక సముద్రం ఆ పక్కే కనిపిస్తుంది. వేవర్లీలో దిగాక ప్రిన్సెస్ స్ట్రీట్ వైపు వెళ్లడానికి లిఫ్టు, ఎస్కలేటర్లు ఉన్నాయి, మామగారిని మెట్లెక్కించకండి. స్టేషన్లో టాయిలెట్లు ఉచితం. ఊళ్లో పబ్లిక్ టాయిలెట్లు తక్కువ, కాబట్టి పెద్దవాళ్లతో తిరిగేటప్పుడు నేషనల్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి, రెండిటికీ ప్రవేశం ఉచితం కాబట్టి ఎప్పుడైనా లోపలికి వెళ్లిరావచ్చు.

వీసా ఒక్క మాటలో: స్కాట్లాండ్‌కి వేరే వీసా ఏమీ లేదు, మీ యూకే విజిటర్ వీసానే చాలు, దారిలో ఎవరూ ఆపి చూడరు. యూరప్ దేశాలకిచ్చే షెంగెన్ వీసాతో మాత్రం రాలేరు. ఇది చదివే అమెరికా తెలుగువాళ్ల కోసం: అమెరికా పాస్‌పోర్ట్ ఉంటే వీసా అక్కర్లేదు కానీ ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి ముందే తీసుకోవాలి, ఇండియా పాస్‌పోర్ట్‌తో హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి వీసా తప్పదు.

బస ఎక్కడ అన్నారు. ఓల్డ్ టౌన్‌లో, అంటే రాయల్ మైల్ చుట్టూ ఉన్న పాత ఊళ్లో, పాత ఇళ్లని అపార్ట్‌మెంట్లుగా అద్దెకిస్తారు, ఫొటోల్లో రాతిగోడలూ కిటికీలూ చూసి మనసు లాగేస్తుంది. మా నాన్న మొదటిసారి వచ్చినప్పుడు నేనూ అలాంటిదే బుక్ చేశాను. దిగాక చూస్తే నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, మెలికలు తిరిగే రాతి మెట్లు, వందల ఏళ్లుగా నడిచి నడిచి మధ్యలో గుంటలు పడి ఉన్నాయి. ప్రకటనలో ఆ మాట ఎక్కడా లేదు. నాన్న రోజుకి ఒక్కసారి కిందికి దిగితే సాయంత్రం దాకా పైకి రానన్నారు. కాబట్టి బుక్ చేసేముందు 'లిఫ్టు ఉందా, వీధి నుంచి లోపలికి ఎన్ని మెట్లు' అని మెసేజ్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. మీకైతే వేవర్లీకి ఉత్తరాన ఉన్న న్యూ టౌన్‌లోనో, హేమార్కెట్ స్టేషన్ చుట్టుపక్కలో లిఫ్టున్న హోటల్ మంచిది. అక్కడ నేల కొంచెం చదునుగా ఉంటుంది, బస్సులు, ట్రాములు దగ్గర. 2026 జులై 24 నుంచి హోటల్ అద్దె మీద 5 శాతం విజిటర్ లెవీ అనే పన్ను కూడా ఉంటుంది, వరసగా మొదటి ఐదు రాత్రుల వరకే, అది లెక్కలో వేసుకోండి.

మీరు అక్టోబరులో వస్తున్నారు, చాలా మంచిది. ఆగస్టులో రావాలనుకునేవాళ్లకి మాత్రం ఒక హెచ్చరిక. 1947 నుంచీ ఆగస్టులో ఇక్కడ ఫెస్టివల్, ఫ్రింజ్ అనే రెండు కళా ఉత్సవాలు జరుగుతాయి, ఊరంతా వేదికే, ప్రపంచం నలుమూలల నుంచి కళాకారులు వస్తారు. నాటకాలూ సంగీతమూ ఇష్టమైతే అంతకన్నా మంచి నెల లేదు, నేను ప్రతి ఏడూ సెలవు పెట్టి మరీ చూస్తాను. కానీ కోట, వీధులు, చరిత్ర చూద్దామని పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకి అది సరైన సమయం కాదు. హోటల్ ధరలు రెండు మూడు రెట్లవుతాయి, రాయల్ మైల్ మీద అడుగు తీసి అడుగు వేయడం కష్టం.

అక్టోబరులో పగలు పది పన్నెండు డిగ్రీలు ఉంటుంది. మనవాళ్లు ఆ అంకె చూసి 'ఊటీలాంటిదే కదా' అనుకుంటారు, గాలి సంగతి మర్చిపోతారు. ఇక్కడ చలి కన్నా గాలి ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. గొడుగు తేకండి, రెండో రోజుకే విరిగిపోతుంది. వాన, గాలి రెండూ ఆపే జాకెట్, లోపల రెండు పలుచని పొరలు, చెవులు మూసే టోపీ, ఇవి చాలు. చీరలోనే ఉంటాను అని అత్తగారు అంటే లోపల థర్మల్ లెగ్గింగ్స్ వేయించండి, మా అమ్మ అలాగే తిరిగింది. అన్నిటికన్నా ముఖ్యం చెప్పులు. ఓల్డ్ టౌన్ వీధులన్నీ రాళ్లు పరిచినవి, తడిసి ఉంటే జారతాయి. అడుగున మంచి పట్టున్న షూ, అది కూడా ఇండియాలోనే కొని రెండు వారాలు వాడి రండి, కొత్త షూతో ఇక్కడికి రావొద్దు. చక్రాల సూట్‌కేసు ఆ రాళ్ల మీద లాగడం కూడా నరకమే. ఒక్కోసారి సముద్రం నుంచి హార్ అనే పొగమంచు వచ్చి నిమిషాల్లో ఊరిని కప్పేస్తుంది, కోట కనిపించకుండా పోతుంది. కంగారుపడకండి, ఆ గంటలో మ్యూజియంలోకి వెళ్లిపోండి, తర్వాత తేలిపోవచ్చు.

ఇక మొదటి రోజు. కోట టికెట్లు ఆన్‌లైన్లో ముందే తీసుకోండి, పొద్దున 9:30కి తెరుస్తారు, ఆ మొదటి సమయమే ఎంచుకోండి. టాక్సీలో రాయల్ మైల్ పై కొస దాకా వెళ్లండి, లేదా మౌండ్ అనే ఎక్కుడు రోడ్డు మీదుగా జార్జ్ 4 బ్రిడ్జికి ఎక్కే బస్సు పట్టుకుంటే ఎక్కువ ఎత్తు బస్సే ఎక్కేస్తుంది. కోట లోపల కూడా వాలు ఉంది, గోల్కొండంత కాదు గానీ మామగారికి ఎక్కువే. నడవలేనివాళ్లని పైదాకా తీసుకెళ్లే చిన్న బండి ఉంటుంది, గేటు దగ్గర సిబ్బందిని అడగండి, సిగ్గుపడొద్దు, అది అందుకే పెట్టారు. ముందు తిన్నగా పైకి వెళ్లి రాజకిరీటం ఉన్న గది చూసేయండి, పదకొండు దాటితే క్యూ పెరుగుతుంది. రాజుల పట్టాభిషేకపు రాయి కోసం వెతక్కండి, అది 2024లో పెర్త్ మ్యూజియానికి తరలించారు, పాత గైడు పుస్తకాల్లో ఇంకా ఇక్కడే ఉన్నట్టుంటుంది. పక్కనే సెయింట్ మార్గరెట్ చాపెల్, 12వ శతాబ్దానిది, ఈ ఊళ్లో నిలిచున్న కట్టడాల్లో అన్నిటికన్నా పాతది. మన ఇంటి హాలంత ఉంటుంది, చాలామంది లోపలికి తొంగి చూసి వెళ్లిపోతారు, మీరు మాత్రం రెండు నిమిషాలు లోపల నిలబడండి. దాని బయటే మాన్స్ మెగ్ అనే పెద్ద ఫిరంగి, 1449లో తయారైంది, బాబు దాన్ని వదలడు.

ఒంటిగంటకి కోట మీద ఫిరంగి పేలుస్తారు, 1861 నుంచీ ఆదివారాలు, గుడ్ ఫ్రైడే, క్రిస్మస్ తప్ప ప్రతిరోజూ. దీని వెనక కథ నాకు చాలా ఇష్టం. అంతకుముందు లీత్ రేవులోని ఓడలకి సమయం తెలియడానికి ఎదురుగా కాల్టన్ హిల్ మీద ఒక పెద్ద బంతిని సరిగ్గా ఒంటిగంటకి కిందికి జార్చేవాళ్లు. ఇందాక చెప్పిన పొగమంచు వస్తే బంతి కనిపించేది కాదు. కనిపించకపోతే వినిపించేలా చేద్దామని ఫిరంగి పెట్టారు. పెద్దవాళ్లకి ముందే చెప్పి ఉంచండి, చప్పుడు గట్టిగా ఉంటుంది, పక్కనే నిలబడితే గుండె అదురుతుంది.

ఫిరంగి పేలాక కిందికి దిగడం మొదలుపెట్టండి. రెండు పక్కలా సన్నటి సందులు కనిపిస్తాయి, వాటిని క్లోజ్‌లు అంటారు. అప్పట్లో ఊరు ప్రాకారం లోపలే ఉండాలి, చోటు లేదు, జనం పెరిగారు, అందుకని ఇళ్లు పైపైకి కట్టుకుంటూ పోయారు, ఆరేడు అంతస్తుల రాతి ఇళ్లు ఇక్కడ 17వ శతాబ్దానికే ఉన్నాయి. ఒకే మెట్ల దారిలో మధ్య అంతస్తుల్లో ధనవంతులు, కిందా పైనా పేదవాళ్లు. ఇలాంటి ఇల్లు లోపల ఎలా ఉండేదో చూడాలంటే గ్లాడ్‌స్టోన్స్ ల్యాండ్‌కి వెళ్లండి. భూగర్భంలో ఉన్న మేరీ కింగ్స్ క్లోజ్ టూర్ చాలా పేరున్నది, బాగుంటుంది కూడా, కానీ లోపల ఎగుడుదిగుడు మెట్లు, చీకటి. మీరూ బాబూ వెళ్లండి, ఆ గంటసేపు అత్తగారు, మామగారు ఎదురుగా సెయింట్ గైల్స్ చర్చిలో కూర్చుంటారు. అక్కడ టికెట్ లేదు, ఇష్టమైతే విరాళం వేయొచ్చు. చర్చి బయట నేల మీద రాళ్లతో హృదయం గుర్తు ఉంటుంది, పాత జైలు ఉన్న చోటు అది, దాని మీద స్థానికులు ఉమ్ముతారు, బాబు కాలు పెట్టకుండా చూసుకోండి.

అక్కడి నుంచి కిందికి వెళ్లేకొద్దీ జనం పలచబడతారు. నాకు రాయల్ మైల్ అంటే ఈ కింది సగమే, కానన్‌గేట్. పై సగంలో షాల్ దుకాణాలు, బ్యాగ్‌పైపులు, తోపులాట. కింద నిశ్శబ్దం. డన్‌బార్స్ క్లోజ్ అని చిన్న గేటు ఉంటుంది, చాలామంది చూడకుండా దాటేస్తారు, లోపలికి వెళ్తే 17వ శతాబ్దపు పద్ధతిలో వేసిన తోట, కూర్చోవడానికి బల్లలు. ఫ్లాస్కులో టీ తెచ్చుకుంటే అక్కడే తాగండి. దాని పక్కన కానన్‌గేట్ చర్చి ఆవరణలో ఆర్థికశాస్త్రం చదివిన ప్రతివాళ్లకీ తెలిసిన ఆడమ్ స్మిత్ సమాధి ఉంది. ఇంకా కిందికి వెళ్తే స్కాటిష్ పార్లమెంటు, లోపల చూడటం ఉచితం, భద్రతా తనిఖీ ఉంటుంది. ఆఖరున హోలీరూడ్ ప్యాలెస్. అలసిపోతే ప్యాలెస్ బయటి నుంచి చూసి బస్సెక్కేయండి, ఒక్కరోజులో కోట, ప్యాలెస్ రెండూ లోపల చూస్తే పెద్దవాళ్లకి రెండూ గుర్తుండవు.

రెండో రోజు నేషనల్ మ్యూజియం ఆఫ్ స్కాట్లాండ్. టికెట్ లేదు, అన్ని అంతస్తులకీ లిఫ్టు, కుర్చీలు, మంచి క్యాంటీన్. క్లోనింగ్‌తో పుట్టిన గొర్రె డాలీ అక్కడే ఉంది, బాబు స్కూల్లో ఆ పాఠం ఇంకా రాకపోయినా మీరే చెప్పండి. డాలీ పుట్టింది కూడా ఈ ఊరి పక్కన రోస్లిన్‌లోనే, 1996లో. వాన లేకపోతే పై కప్పు మీదికి వెళ్లండి, కోట, కొండ, సముద్రం అన్నీ ఒక్కచోటి నుంచి కనిపిస్తాయి, ఒక్క మెట్టు ఎక్కకుండా. మా నాన్నకి ఊరు మొత్తంలో నచ్చిన చోటు అదే. బయట వీధి మలుపులో గ్రేఫ్రయర్స్ బాబీ అనే కుక్క బొమ్మ ఉంటుంది, ముక్కు రుద్దితే అదృష్టం అని టూరిస్టులు మొదలుపెట్టారు, స్థానిక ఆచారం కాదు, బొమ్మ పాడవుతోంది. బాబుని ఫొటో తీయండి, ముక్కు ముట్టుకోనివ్వకండి.

మధ్యాహ్నం బస్సులో న్యూ టౌన్‌కి దిగండి. పాత ఊరు కిక్కిరిసిపోయాక 1767లో జేమ్స్ క్రెయిగ్ వేసిన ప్లాను ప్రకారం కట్టారు, వెడల్పు వీధులు, చదరాలు. రెండు ఊళ్ల మధ్యన ఉన్న చెరువుని ఎండగట్టారు, అదే ఇప్పుడు ప్రిన్సెస్ స్ట్రీట్ తోట. ఆ తోట పడమటి భాగంలో ఒక విగ్రహం దగ్గర తప్పకుండా ఆగండి. అది సర్ జేమ్స్ యంగ్ సింప్సన్‌ది. 1847 నవంబరులో ఒక రాత్రి ఈ ఊళ్లో క్వీన్ స్ట్రీట్‌లోని తన ఇంట్లో ఆయన, ఇద్దరు మిత్రులు క్లోరోఫాం పీల్చి చూసి స్పృహ తప్పి పడిపోయారు, అలా అది ఆపరేషన్లలో, కాన్పుల్లో మత్తుమందు అయింది. తర్వాత దాని వల్ల కొందరు చనిపోతుంటే, ఆగేది ముందు గుండా, ఊపిరా అని ప్రపంచంలో వైద్యులంతా వాదించుకున్నారు. ఆ ప్రశ్న తేల్చడానికి 1888లో, మళ్లీ 1889లో ప్రయోగాలు జరిగింది మన హైదరాబాద్‌లో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బుతో, ఎడిన్‌బరాలో చదివిన ఎడ్వర్డ్ లారీ అనే బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఆధ్వర్యంలో. తర్వాత హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివి మత్తు ఇవ్వడంలో నిపుణురాలైన రూపాబాయి ఫర్దూన్‌జీ ఇంకా చదువుకోడానికి ఈ ఊరికే వచ్చారు. హైదరాబాద్ నుంచి ఎవరొచ్చినా నేను ఆ విగ్రహం దగ్గర నిలబెట్టి ఈ కథ చెప్తాను, అప్పటిదాకా ఇదేదో పరాయి ఊరు అనుకున్నవాళ్ల ముఖాల్లో మార్పు కనిపిస్తుంది.

సాయంత్రం వాన లేకపోతే కాల్టన్ హిల్. అక్టోబరు మధ్యలో ఆరుంబావు ప్రాంతంలో సూర్యాస్తమయం, ఐదున్నరకల్లా అక్కడ ఉండండి. మెట్ల దారి ఒకటి, వాలుగా పోయే రోడ్డు దారి ఒకటి ఉన్నాయి, మామగారితో రోడ్డు దారే. ఎత్తు తక్కువ, చూపు ఎక్కువ. ఆర్థర్స్ సీట్ కొండ 251 మీటర్లు, అది పూర్తి ఎక్కుడు, మీరిద్దరు ఉదయాన్నే వెళ్లొస్తే బాగుంటుంది. పెద్దవాళ్లకి చూపించాలంటే టాక్సీలో డన్‌సపీ లాఖ్ అనే చిన్న చెరువు దాకా వెళ్లొచ్చు, చాలా ఎత్తు వాహనమే ఎక్కేస్తుంది, వారాంతాల్లో ఆ రోడ్డు కొంత భాగం మూసేస్తారు కాబట్టి మామూలు రోజున పెట్టుకోండి. కొండ అంచున ర్యాడికల్ రోడ్ అనే బాటని రాళ్లు పడుతున్నాయని 2018లో మూసేశారు, కంచె ఉంటే దాటకండి, అందరూ దాటుతున్నారు కదా అనుకోవద్దు.

బస్సుల్లో కార్డు తాకిస్తే చాలు, కానీ ఒక కార్డుతో ఒక్కరికే, కాబట్టి పెద్దవాళ్లు నలుగురూ నాలుగు కార్డులు దగ్గర పెట్టుకోండి. నగదు ఇస్తే చిల్లర తిరిగి ఇవ్వరు. స్టాపులో మీ బస్సు వస్తుంటే చెయ్యి చాపాలి, లేకపోతే ఆగకుండా పోవచ్చు. ట్రాముకి ఎక్కేముందే టికెట్ కొనాలి.

తిండి విషయంలో అత్తగారి గురించి మీరు పడుతున్న టెన్షన్ అనవసరం. ఈ ఊళ్లో శాకాహారం చాలా సులభం, మెనూల్లో శాకాహారం, వీగన్ (పాలు, గుడ్లు కూడా లేనిది) అని గుర్తులుంటాయి. గుడ్డు కూడా వద్దంటే వీగన్ అని అడగడమే తేలిక. స్కాట్లాండ్ వంటకం హ్యాగిస్ అంటే గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు ఓట్స్‌తో, మిరియాలతో కలిపి చేసేది, బోటీ ఇష్టపడే మన మనిషికి తప్పకుండా నచ్చుతుంది. దానికే శాకాహార రకం కూడా ఉంది, పప్పులు, ఓట్స్, కూరగాయలతో, కారంగా బాగుంటుంది, అత్తగారికి పెట్టించండి, వీగనేనా అని మాత్రం ఒకసారి అడగండి. ఒక్క జాగ్రత్త: కొన్ని చిప్స్ దుకాణాల్లో బంగాళాదుంప చిప్స్ ఆవు కొవ్వులో వేయిస్తారు. నూనెలోనా, బీఫ్ డ్రిప్పింగ్‌లోనా అని ప్రతిసారీ అడగండి, నిజమే చెప్తారు. హోటల్ అల్పాహారంలో నల్లగా గుండ్రంగా ఉండేది బ్లాక్ పుడ్డింగ్, పంది రక్తంతో చేస్తారు, మీ ప్లేట్లో వేయొద్దని ముందే చెప్పండి. టాబ్లెట్ అనే మిఠాయి మాత్రం అందరికీ కొనండి, పాలు, పంచదార, వెన్నతో చేస్తారు, గట్టిపడిన పాలకోవాలా ఉంటుంది. అన్నం లేకపోతే కుదరదంటే వంటగది ఉన్న బస చూసుకోండి, లీత్ వాక్ వైపు, నికల్సన్ స్ట్రీట్ వైపు మన సరుకుల దుకాణాలున్నాయి. ఇండియా నుంచి నెయ్యి, పాల మిఠాయిలు, మాంసం పచ్చళ్లు తేవడానికి వీల్లేదు, ఎయిర్‌పోర్టులో తీసేస్తారు. ఆవకాయ, కారప్పొడులు నిక్షేపంగా తెచ్చుకోండి. కుళాయి నీళ్లు హాయిగా తాగొచ్చు, సీసాలు కొనకండి.

మూడో రోజుకి రెండు దారులున్నాయి. ఒకటి స్టిర్లింగ్, వేవర్లీ నుంచి రైల్లో గంటలోపే. అక్కడి కోట కూడా కొండ మీదే, స్టేషన్ నుంచి టాక్సీలో నేరుగా పైకి వెళ్లి, దిగేటప్పుడు పాత ఊరి మీదుగా నడవండి. 1297లో విలియం వాలెస్ ఇంగ్లండు సేనని ఓడించిన వంతెన చోటు ఆ కోట కిందే ఉంది, గోడ మీద నిలబడితే నది మెలికలు తిరగడం కనిపిస్తుంది, యుద్ధం అక్కడే ఎందుకు జరిగిందో చూడగానే తెలుస్తుంది. రెండు కోటలూ చూసేట్టయితే ఈ కోటల్ని చూసుకునే హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్ సంస్థ అమ్మే ఎక్స్‌ప్లోరర్ పాస్ (ఒకే టికెట్‌తో చాలా చోట్లకి ప్రవేశం) లెక్క వేసి చూడండి, ఎడిన్‌బరా కోట సమయం మాత్రం పాస్ ఉన్నా విడిగా బుక్ చేసుకోవాలి.

రెండోది, మామగారు అప్పటికే అలసిపోతే నేను చెప్పేది, సౌత్ క్వీన్స్‌ఫెరీ. డాల్మెనీ స్టేషన్‌కి పదిహేను ఇరవై నిమిషాల రైలు, స్టేషన్ నుంచి నీటి ఒడ్డుకి మెట్లున్న దారి ఉంది కాబట్టి టాక్సీలోనే వెళ్లండి, కింద అంతా చదును. ఒడ్డున కూర్చుంటే ఎదురుగా 1890లో తెరిచిన ఎర్రటి ఫోర్త్ రైలు వంతెన, రెండున్నర కిలోమీటర్ల ఉక్కు. నేను రాజమండ్రిలో పుట్టినవాణ్ణి, దానికి పదేళ్ల తర్వాత 1900లో తెరిచిన మన హేవలాక్ వంతెన చూస్తూ పెరిగాను, అందుకేనేమో ఈ ఒడ్డున కూర్చుంటే నాకు పుష్కర ఘాట్ మీద కూర్చున్నట్టే ఉంటుంది. మా నాన్న ఇక్కడ రెండు గంటలు కదలకుండా కూర్చుని, పోయే రైళ్లు లెక్కపెట్టారు.

ఆఖరుగా ఒక చిన్న సంగతి. ఇక్కడి బ్యాంకులు సొంతంగా పౌండు నోట్లు అచ్చువేస్తాయి, చిల్లరగా మీకు అవే వస్తాయి. విలువ ఒక్కటే, కానీ లండన్లో కొన్ని దుకాణాలు తీసుకోడానికి తటపటాయిస్తాయి, ఇండియాలో మార్చుకోవడం మరీ కష్టం. రైలెక్కేముందు వేవర్లీలోనే ఖర్చుపెట్టేయండి, టాబ్లెట్ కొనమన్నది అందుకు కూడా. తిరుగు రైల్లో ఎడమవైపు సీట్లు తీసుకోండి. డన్‌బార్ దాటాక కొంతసేపటికి పట్టాలు సముద్రపు కొండ అంచుకి వస్తాయి, అక్కడే స్కాట్లాండ్ సరిహద్దు బోర్డు ఉంటుంది, బెరిక్ స్టేషన్‌కి కొంచెం ముందు. రైలు వేగంగా పోతుంది, బాబుని ముందే కిటికీ దగ్గర కూర్చోబెట్టండి.